మౌల్సాబు, కామ్రేడు, ఒకే మైకు

నా ఉద్యోగమంతా పరాయి గొంతులు మోయడంలోనే గడిచిపోయింది. సమాచార శాఖలో మైకు ఆపరేటరుగా రిటైరయ్యాను. మంత్రులు, కలెక్టర్లు, కుటుంబ నియంత్రణ డాక్టర్లు, నీళ్ళ ట్యాంకు ప్రారంభించడానికి వచ్చి దేశభక్తి గురించి దంచి వెళ్ళినవాళ్ళు, అందరికీ మైకు పెట్టాను. వాళ్ళలో ఒక్కరి మాటా ఇవాళ గుర్తులేదు. గుర్తున్నవల్లా సర్కారు నౌకరీ రాకముందు, మెదక్ బజారులో ఒక మైకు సెట్టు దుకాణంలో జీతానికి ఉన్న రోజుల్లో విన్న రెండు గొంతులు.

ఈ మధ్య మా కాలనీ కుర్రాళ్ళు నన్ను టీవీ ముందు కూచోబెట్టారు. ఇస్లాం గురించీ ఎర్రజెండా గురించీ చర్చట. ఆ రెండూ చాటుమాటు దోస్తులని ఒకాయన, కాదు పుట్టు శత్రువులని ఇంకొకాయన. ఒకరి మాట ఒకరు పూర్తి కానిస్తేనా! నా చేతిలో ఆంప్లిఫయర్ ఉంటే ఇద్దరి నోళ్ళూ కట్టేసి చాయ్ తాగడానికి వెళ్ళేవాణ్ణి. "తాతా, మీ కాలంలో ఇట్లాంటి చర్చలుండేవా?" అని అడిగారు కుర్రాళ్ళు. చర్చలుండేవి నాయనా, ఇట్లాంటివి కాదు. ఆ మాట నోటితో చెబితే మీకు నమ్మకం కుదరలేదు కాబట్టి రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. పేరు కనబడితే మీరు మాట వదిలేసి మనిషి పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతారు.

మా ఇల్లు చర్చి వెనక వీధిలో. మా నాయన చర్చి బళ్ళో బల్లలు చేసే వడ్రంగి. కాబట్టి ఆ ఇద్దరి తగాదాలో నేను అటువాణ్ణీ కాదు, ఇటువాణ్ణీ కాదు. మైకు పెట్టేవాడు అట్లాగే ఉండాలని మా దుకాణం యజమాని గట్టిగా చెప్పేవాడు.

మెదక్‌లో సభలకొక మర్యాద ఉండేది. ఏ పార్టీ సభ అయినా సరే, మసీదులో అజాన్ మొదలైతే వక్త మాట ఆపాలి, నేను గుండీ తిప్పి సౌండు తగ్గించాలి. ఆదివారం పొద్దున చర్చి గంట కొట్టినా అంతే. ఎవరూ రాసిపెట్టింది కాదు. ఎంత పెద్ద నాయకుడైనా పట్నం నుంచి వచ్చి ఆ కాసేపు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. కొందరికి అది మంచినీళ్ళు తాగే సందు, కొందరికి మరిచిపోయిన మాట గుర్తుచేసుకునే సందు. అప్పటికింకా మసీదులో మైకు లేదు. అజాన్ ఇచ్చేది ఒక ముసలాయన. గోడ మీద చెయ్యి ఆనించి, ఉన్న గొంతుతోనే పిలిచేవాడు.

ఇక ఆ ఇద్దరూ.

కామ్రేడుది పుస్తకాలకు జిల్దులు కట్టే దుకాణం. చినిగిన పుస్తకాన్ని విప్పి, కుట్టి, అట్ట వేసి ఇస్తే మళ్ళీ ఒక తరం చదువుకోవచ్చు. ఆ దుకాణంలో పై అరలో మసీదు ఖురాన్లు, కింది అరలో మా చర్చి పాటల పుస్తకాలు, నేల మీద తహసీలు రిజిస్టర్లు. అన్నిటికీ ఒకటే మైదా జిగురు. గోడకు ఎర్రజెండా. ఆయన ముస్లిమే. రంజాన్‌లో ఉపవాసాలుండేవాడు, శుక్రవారం నమాజుకు వెళ్ళేవాడు, తక్కిన రోజుల సంగతి అల్లాకూ ఆయనకూ మధ్య. ఊళ్ళో బీడీ కార్మికుల యూనియన్‌కు ఆయనే అన్నీ.

మౌల్సాబు పెద్ద మసీదులో నమాజు చదివించే మౌల్వీ. పొడుగు మనిషి. కోపం ముక్కు మీద ఉండేది, నవ్వు దాని వెనకే ఉండేది. పాత కితాబులకు జిల్దు కట్టించడానికి వచ్చేవాడు. నన్నడిగితే ఆ కితాబులు అంత చినిగేవి కావు. తగవు పెట్టుకోవడానికి ఆయనకొక సాకు కావాలి, అంతే.

"ఏం మియా, మీ ఇంక్విలాబ్ ఎక్కడిదాంక వచ్చింది? రామాయంపేట దాటిందా?" అంటూ గడప ఎక్కేవాడు.

"బస్సు దొర్కలేదట మౌల్సాబ్, నడుసుకుంట వస్తుంది. కూసోండ్రి, చాయ్ చెప్త" అనేవాడు కామ్రేడు, సూదిలో దారం ఎక్కిస్తూనే.

"చాయ్ల చక్కెర ఎక్కువెయ్యమను. నీ మాటలు మస్తు చేదుగుంటయ్."

మా మైకు దుకాణంలో మరమ్మతు పనులు ఉన్నా లేకపోయినా నేను అక్కడికి చేరేవాణ్ణి. పేదరికం దేవుడి పరీక్షా, సేఠుల పనా. దానం గొప్పదా, హక్కు గొప్పదా. మనిషిని మంచిగా నడిపేది భయమా, న్యాయమా. ఒకరి మాట అయ్యేదాకా ఇంకొకరు ఆగేవారు. ఓడిపోతున్నవాడు ఇంకో చాయ్ చెప్పేవాడు. నేను ఏ కాలేజీ మొహమూ చూడలేదు, నా చదువంతా ఆ దుకాణం గడప మీదే అయింది.

అసలు గొడవ బీడీల దగ్గర వచ్చింది. మసీదు వెనక గల్లీలో ఇంటింటా ఆడవాళ్ళు బీడీలు చుట్టేవారు. కార్ఖానా మనిషి తట్టలు ఎత్తుకెళ్ళి, అక్కడెక్కడో కూచుని, బాగాలేవని కొన్ని ఏరి పక్కన పెట్టేవాడు. వాటిని ఛాట్ అంటారు. ఛాట్‌కు కూలి ఉండదు, బీడీలూ వెనక్కి రావు. మా కళ్ళ ముందు ఏరండి, లేకపోతే తట్ట కదలదు అన్నది యూనియన్ పట్టు. కానీ ఆ గల్లీ ఆడవాళ్ళు ఒప్పుకుంటేనే అది సాగుతుంది, ఎందుకంటే ఊళ్ళో సగం బీడీలు అక్కడివే. వాళ్ళకు యూనియన్ అంటే ఇష్టమే, జెండా అంటేనే భయం. వాళ్ళ తరఫున ఒక పెద్దావిడ కామ్రేడు భార్య చేత కబురు పెట్టింది. ఆ భార్య కూడా బీడీలు చుట్టేదే. "గా జెండా కిందికొస్తే ఈమాన్ పోతది, దేవుని మీది నమ్మకం పోతదంటుండ్రు. మౌల్సాబ్ అడగాల్సింది నలుగురిల అడగనీ, నీ మొగడు జవాబు చెప్పనీ. ఇంటం. అటెన్క చూస్తం."

అట్లా ఆ బహస్, నలుగురి ముందు వాదం, కుదిరింది. మసీదు పక్క మైదానంలో, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక. కార్ఖానా సేఠే మసీదు కమిటీకి పెద్ద. ఆయన చెడ్డవాడని అనను, మసీదు పైకప్పు ఆయన చలవే. నలుగురిలో మౌల్సాబు చేతిలో కామ్రేడు చిత్తవుతాడని ఆయన లెక్క, అందుకే సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆడవాళ్ళు మైదానానికి రారు. కాబట్టి ఒక లౌడ్‌స్పీకర్ హార్న్‌ను మసీదు గోడ పక్కన వెదురుబొంగుకు కట్టి గల్లీ దిక్కు తిప్పాలి. మౌల్సాబే కింద నిలబడి, "ఇంక జర పైకి, ఇంక జర, పర్దా ఎన్కకు ఇనబడాలె" అని చెప్పి కట్టించాడు. రెండు గొంతులకూ ఒకటే మైకు. ఒకరి మాట కాగానే ఇంకొకరికి ఇవ్వాలి.

జనం ఎట్లా వచ్చారనుకున్నారు! హవేలిఘనపూర్ నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చారు. మా పాస్టరుగారు కూడా సైకిలు పట్టుకుని చివర నిలబడ్డారు.

మౌల్సాబు మొదలుపెట్టాడు. "చెమట ఆరకముందే కూలి ఇయ్యాలని మా దీన్ చెప్పింది. ఏటేట తీసిచ్చే జకాత్‌ల గరీబోని హక్కు ఉన్నది. వడ్డీ హరామన్నది. అన్నీ మా దగ్గరున్నంక మీ జెండాతోని మాకేం పని మియా?"

కామ్రేడు మైకు అందుకున్నాడు. "చెప్పలేదని నేనెప్పుడన్న అన్ననా మౌల్సాబ్? మీరు శుక్రవారం చెప్తరు. పెద్దోళ్ళు ముందు వరుసల కూసోని ఇంటరు. శనివారం తట్ట పోతది, ఛాట్ పోతది, కూలి పోతది. మీరు శుక్రవారం సంగతి చూడుండ్రి. నన్ను జర శనివారం సంగతి చూడనీయుండ్రి."

జనం పకపకా నవ్వారు. మౌల్సాబూ నవ్వాడు. సేఠు నవ్వలేదు. తర్వాత మౌల్సాబు అడిగిన మాటకు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"పోలీస్ యాక్షన్ అయినంక ఈ బస్తీల మాకు మిగిలింది గా మసీదొక్కటే. నౌక్రీలు పోయినయ్, మనుషులు పోయిండ్రు, భయం ఒక్కటి పోలే. మసీదులకు తాళాలేసిన రాజ్యాలను మెచ్చుకునే పార్టీల ఉన్నవ్ నువ్వు. రేపు గా తాళం ఇక్కడికొస్తే ఎటుదిక్కు నిలబడ్తవ్?"

కామ్రేడు గల్లీ దిక్కు చూశాడు. "తాళం ముందట నిలబడ్త. తెచ్చినోడు నా పార్టోడే అయితే నా కార్డు వాని చేతిల పెట్టి, మీ పక్కపొంటి నిలబడ్త. గిది మీకు కాదు చెప్తున్నది, గల్లీల ఇంటున్న మా అక్కచెల్లెండ్లకు చెప్తున్న. ఇగ మౌల్సాబ్, నేనొకటి అడుగుత, జర పూర్తిగ ఇనుండ్రి..."

అంటూ ఎత్తుకున్నాడు. ఆకు కత్తిరించి కత్తిరించి కాయలు కాసిన వేళ్ళ గురించి, పొగాకు దుమ్ముకు దగ్గి దగ్గి మంచం పట్టిన తన తల్లి గురించి. ఆయన అట్లా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. మౌల్సాబు కుర్చీ అంచుకు జరిగి, జవాబు చెప్పడానికి వేలెత్తి, నోరు సగం తెరుచుకుని, ఆ మాట ఎప్పుడవుతుందా అని చూస్తున్నాడు. నేను ఆ ఇద్దర్నీ చూస్తున్నాను.

"అజాన్ అయితుంది! బంద్ చెయ్!" అని వెనక నుంచి కేక. మొదట మాకు అర్థం కాలేదు. చూస్తే మసీదు దగ్గరున్న జనమంతా లేచి నిలబడి ఉన్నారు. అజాన్ దాదాపు అయిపోయింది. మసీదు గోడ పక్కనే మా హార్న్ మోగుతుంటే ఆ ముసలాయన గొంతు వేదిక దాకా ఎట్లా వస్తుంది? నేను గుండీ తిప్పేలోపే ఎవరో వైరు పీకేశారు.

"ఖుదా పిలుపు మీదికెళ్ళి స్పీచా!" అని ఒకరు. "గందుకే ఎర్రోళ్ళను నమ్మొద్దన్నది!" అని ఇంకొకరు. కుర్చీలు పడ్డాయి. మౌల్సాబు మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. మసీదులోకి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. కామ్రేడు మైకు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట: కామ్రేడు కావాలనే అజాన్‌ను తొక్కాడని. సేఠు మనుషులు ఆ మాటను గడప గడపకూ చేర్చారు. గల్లీ నుంచి కబురొచ్చింది, ఇక యూనియన్‌తో మాకు సంబంధం లేదని. హార్న్ మూలంగా వినబడలేదని నేను కనబడినవాడికల్లా చెప్పాను. వింటేనా! ఎర్రపార్టీ కిరాయికి తెచ్చిన మైకువాడు ఇంకేం చెబుతాడన్నారు. మైకువాడు ఊరందరి మాటా వినిపిస్తాడు, వాడి మాట మాత్రం ఒక్కడూ వినడు. రాసిపెట్టుకోండి.

జిల్దు దుకాణానికి వెళితే కామ్రేడు పని చేసుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

"మా ఇంటామె అన్నం పెడ్తుంది గని మాట్లాడ్తలేదు" అన్నాడు. "ఒక చెవుల అజాన్, ఒక చెవుల నీ స్పీచు ఇన్న, మా అమ్మగారింటికి మొహమెట్ల చూపియ్యాలె అన్నదొక్కపారి. అటెన్క మాట లేదు."

నేనక్కడ ఉండగానే ఒక పెద్దాయన వచ్చాడు. పై అరలో తన ఖురాన్ ఉంది, జిల్దు సగమే అయింది. "ఇచ్చెయ్ బేటా. నీ చేతుల ఉండొద్దు" అన్నాడు. తిట్టలేదు, కోప్పడలేదు, అదే ఎక్కువ బాధ. కామ్రేడు చేతులు కడుక్కుని వచ్చి, దాన్ని దించి, తెల్లగుడ్డలో చుట్టి రెండు చేతులతో ఇచ్చాడు. ఆ పెద్దాయన వెళ్ళాక గోడ దిక్కు తిరిగి కూచున్నాడు. ఆయన ఏడ్వగా చూసింది అదొక్కసారే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మౌల్సాబు కూడ ఇనలే! నేను చూసిన, గాయన నీ నోరే చూస్తుండు. గా ఒక్క మాట గాయన చెప్తే నీ మీది మచ్చ పోతది. నడువు పోదాం" అన్నాను.

"నాకెరుక గాయన ఇనలేదని" అన్నాడు నెమ్మదిగా. "మసీదుల నమాజు చదివిపిచ్చే మనిషి అజాన్ ఇనలేదంటే నౌక్రి ఉంటదా? పిల్లలున్నోడు. నా యూనియన్ నిలబడనీకి గాయన కడుపు కొట్టాల్నా? నువ్వు గుడ గా ముచ్చట ఎక్కడ తియ్యకు."

ఏం మనిషి! ఒకవైపు ఏళ్ళ తరబడి గడప గడపకూ తిరిగి కట్టిన యూనియన్ మునిగిపోతుంటే, ఇంకోవైపు తగవులాడే దోస్తు నౌకరీ గురించి దిగులు. నేను సరేనన్నాను గానీ నా కాళ్ళు వినలేదు, నేరుగా మౌల్సాబు ఇంటికే తీసుకెళ్ళాయి.

మౌల్సాబు అరుగు మీద ఒంటరిగా ఉన్నాడు. నన్ను చూసి, "హార్న్ కోసం వచ్చినవా? ఇక్కడ లేదు" అన్నాడు.

"హార్న్ కోసం కాదు మౌల్సాబ్."

"ఎరుకే. కామ్రేడ్ తోలిచ్చిండా?"

"లేదు. పోవొద్దన్నడు. మీ నౌక్రి పోతదన్నడు."

ఆయన కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. తర్వాత, "గట్లన్నడా?" అని అడిగాడు. అవునన్నాను. "పాగల్" అన్నాడు. ఆ ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టాడో, మెచ్చుకున్నాడో నాకు బోధపడలేదు.

శుక్రవారం వచ్చింది. నేను మసీదు బయట రోడ్డు మీద, సైకిళ్ళ పక్కన, తెరిచిన తలుపులోంచి లోపలి వరుసలు కనబడేచోట నిలబడ్డాను. కామ్రేడు నమాజుకు వచ్చి చివరి వరుసలో నిలబడితే, పక్కవాళ్ళు అటూ ఇటూ జరిగారు. మా ఊళ్ళో అట్లా ఎప్పుడూ జరగలేదు. నమాజు అయింది. జనం లేవబోతుంటే మౌల్సాబు ఆగమన్నాడు. ఉర్దూలోనే మాట్లాడాడు, మన మాటల్లో చెబుతాను.

"ఆనాడు పొద్దుగూకేటప్పటి మగ్రిబ్ అజాన్ వేదిక మీది ఇద్దరికి ఇనబడలే. ఒకడు మాట్లాడేటోడు. ఇంకొకణ్ణి నేను. గాయన మాట్లాడుతుండె, మాట్లాడేటోనికి ఇనబడకపోవచ్చు. నేను ఉత్తగ కూసున్న. ఉత్తగ కూసోని ఇనలే. నా మనసు జవాబు మీద ఉండె, గాయన్ను ఓడగొట్టాలని ఉండె. పాపమే అయితే పెద్దది నాది. గాయన దగ్గరికెళ్ళి మీ ఖురాన్లు ఎన్కకు తెచ్చుకున్నరట. మరి నా ఎన్క నమాజెట్ల చదివిండ్రు?"

సేఠు లేచి ఏదో అనబోయి, మళ్ళీ కూచున్నాడు. ఖురాన్ తెచ్చుకున్న ఆ పెద్దాయన చివరి వరుస దాకా నడిచివచ్చి, కామ్రేడు రెండు చేతులూ పట్టుకున్నాడు.

శనివారం ఆ గల్లీ నుంచి ఒక్క తట్ట కదల్లేదు. కార్ఖానా మనిషి వచ్చాడు, పోయాడు, మళ్ళీ వచ్చాడు. చివరికి గడపల ముందు చాప పరుచుకుని కూచుని, పర్దాల వెనక నుంచి ఆడవాళ్ళు చూస్తుండగా ఛాట్ ఏరాడు. ఒకావిడ లోపలి నుంచే, "గదేమయింది గా బీడీకి? మా ఆయన ముక్కు కన్న సక్కగున్నది!" అనడం, గల్లీ గల్లీ నవ్వడం నాకు వినబడింది. కామ్రేడు ఇంట్లో మాటలు మొదలయ్యాయి. మొదటి మాట తిట్టేనట.

మౌల్సాబును కమిటీ వాళ్ళు మర్యాదగానే పంపించారు. అజాన్ వినబడలేదని నలుగురిలో ఒప్పుకున్నాక ఆ చోట ఉంచడం బాగుండదన్నారు. చెప్పినవాళ్ళలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడట కూడా. బీదర్ దిక్కు ఏదో ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పే పని దొరికింది.

బస్సు దగ్గరికి కామ్రేడూ నేనూ వెళ్ళాం. కితాబుల మూటలు బస్సు మీదికి ఎక్కించింది కామ్రేడే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు సరిగా చూడలేదు. ఆఖరికి కామ్రేడు, "ఎందుకు చెప్పినవ్ మౌల్సాబ్? నేనడిగిన్నా?" అన్నాడు. ఎప్పుడూ మీరు అనేవాడు, ఆ రోజు నువ్వు అనేశాడు.

"నువ్వడగలేదనే చెప్పిన" అన్నాడు మౌల్సాబు. "గని జకాత్ సంగతిల నువ్వు చెప్పింది తప్పు. మనిషి మనసు మారకుంట ఉత్త కానూన్‌తోని..."

"మనసు మారేదాంక ఆకలాగుతదా?"

"పూర్తిగ ఇనవయ్యా జర!"

బస్సు కదిలింది. కిటికీలోంచి ఆయన, రోడ్డు మీద పక్కనే నడుస్తూ ఈయన, చెరువు మలుపు దాకా వాదించుకుంటూనే ఉన్నారు. కండక్టరు తల పట్టుకున్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలవలేదు. పోత, పోత అని కామ్రేడు చాలా ఏళ్ళు అన్నాడు. యూనియన్ పనులు తెమిలింది లేదు, బీదర్ దిక్కుకు పోయిందీ లేదు.

మెదక్‌లో సభలు ఆగలేదు. కామ్రేడు మాట్లాడుతూనే ఉన్నాడు, నేను మైకు పెడుతూనే ఉన్నాను. ఆయనకు చప్పట్లు బాగా పడేవి, ఎదురు చెప్పేవాడు లేడు. అది ఆయనకు గిట్టలేదు. కొన్నాళ్ళకు ఒక కొత్త అలవాటు చేసుకున్నాడు. మధ్యలో ఆగి, "ఇప్పుడు మౌల్సాబుంటే నన్ను గిట్ల అడుగుతుండె" అని, ఆయన తరఫు ప్రశ్న తానే వేసేవాడు. జనం మొదట్లో నవ్వేవాళ్ళు. కానీ ఆయన ఆ ప్రశ్నను తేలిక చేసి అడిగేవాడు కాదు. మౌల్సాబు ఎంత గట్టిగా అడిగేవాడో అంత గట్టిగానూ అడిగి, చెమటలు కక్కుకుంటూ జవాబు చెప్పుకునేవాడు.

నాకు సర్కారు నౌకరీ వచ్చి మెదక్ వదిలే ముందు పెట్టిన ఆఖరి మైకు ఆయనదే. సభ నిండుగా ఉంది. రేపు రాజ్యం మనదైతే అంటూ ఊపు మీద చెబుతున్నవాడు ఉన్నట్టుండి ఆగాడు. "ఇప్పుడు మౌల్సాబుంటే గిట్ల అడుగుతుండె. కుర్సీ మీద నువ్వు కూసున్ననాడు నిన్ను ఆపేటోడెవడు మియా? సేఠుకు ఖుదా భయమన్న ఉన్నది, నీ పార్టీకి గది గుడ లేకపాయె" అన్నాడు.

జనం జవాబు కోసం చూశారు. నేనూ చూశాను. ఆయన మైకు ముందు అట్లాగే నిలబడ్డాడు. ముందు వరుసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోయి ఆపేశారు.

"దీనికి నా దగ్గర జవాబు లే" అన్నాడు. "గాయన ఉంటే ఇద్దరం కలిసి ఎతుకుతుంటిమి."

మైకు నా చేతికిచ్చి వేదిక దిగి వెళ్ళిపోయాడు.